క్యాలిపర్లకు ఇంట్లోనే రంగు: విప్పి వేయాలా, బండి మీదే వేయాలా?

నల్లహ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్కారం. ఈమధ్య కారుకు కొత్త అలాయ్ చక్రాలు వేయించాను. చువ్వల మధ్య ఖాళీ ఎక్కువ కావడంతో ఇన్నాళ్లూ కనపడని క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలు) ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. నాలుగూ తుప్పుతో ఎర్రబారి ఉన్నాయి. బ్రేకులు మాత్రం బాగా పడుతున్నాయి, శబ్దం లేదు, బండి ఒక పక్కకు లాగడం లేదు.

ప్యాడ్లు నేనే మార్చుకుంటాను కాబట్టి చక్రం విప్పడం, క్యాలిపర్‌ని పక్కకు తీయడం అలవాటే. కానీ బ్రేకు ద్రవం వచ్చే హోస్ ఎప్పుడూ విప్పలేదు, బ్లీడింగ్ (ద్రవంలో చేరిన గాలిని బయటకు తీయడం) చేయలేదు. నా సందేహాలు ఇవీ. క్యాలిపర్ పూర్తిగా బయటకు తీయాల్సిందేనా? మామూలు స్ప్రే డబ్బా ఆ వేడికి నిలుస్తుందా? రంగు వేయడం వల్ల బ్రేకు పనితీరులో తేడా వస్తుందా? అసలు టెన్షన్ మూడోదాని గురించే.

పానాపట్టు

మూడో ప్రశ్న ముందు అడగాల్సింది, మీకు అది తట్టినందుకు సంతోషం. క్యాలిపర్ పైభాగానికి పలచగా రంగు పడితే బ్రేకుకు ఏమీ కాదు. పడకూడని చోట పడితేనే అవుతుంది. అందుకే ఏ రంగు, ఏ బ్రష్ అనేదానికంటే ముందు ఎక్కడ వేయకూడదో తెలుసుకోండి.

ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు మీద వేయకూడదు. క్యాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే స్లైడ్ పిన్నుల మీద, వాటి బూట్ల మీద వేయకూడదు. గాలి బయటకు తీసే బ్లీడ్ నిపుల్ మీద పడితే దాని రంధ్రం మూసుకుపోతుంది, తర్వాత పానా కూడా సరిగ్గా పట్టదు. హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు, ప్యాడ్ అరుగుదల చెప్పే సెన్సర్ ఉంటే దాని వైరు, ఇవన్నీ కప్పేయాలి. ప్యాడ్ల రాపిడి ముఖం, డిస్కు సంగతి చెప్పక్కర్లేదు.

చాలామంది వదిలేసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, క్యాలిపర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు జారే గాడి. అక్కడ ఖాళీ చాలా తక్కువ, రెండు పూతలు పడితే చాలు, ప్యాడ్ బిగుసుకుంటుంది. బ్రేకు వదిలాక అది వెనక్కి రాకుండా డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. చక్రం వేడెక్కడం, ప్యాడ్ ఒక వైపే అరగడం, మైలేజీ తగ్గడం అన్నీ అక్కడి నుంచే మొదలు. రెండోది, బ్రాకెట్ వెళ్లి నకుల్‌కు (చక్రం హబ్‌ను మోసే భాగం) ఆనే చదును ముఖం, బోల్టు తల కింద ఉండే భాగం. అక్కడ రంగు మందంగా ఉంటే వేడికి మెత్తబడి నలుగుతుంది, బోల్టు బిగింపు తగ్గుతుంది. బ్రేకు పడినప్పుడు ఆ బలమంతా మోసేది ఆ బోల్టులే. అక్కడ లోహానికి లోహమే ఆనాలి.

ఇక మొదటి ప్రశ్న. హోస్ విప్పనక్కర్లేదు. మీది ఒక వైపే పిస్టన్ ఉండే స్లైడింగ్ క్యాలిపర్ అయి ఉంటుంది, మామూలు కార్లలో ఎక్కువ అవే. స్లైడ్ పిన్ బోల్టులు తీసి, క్యాలిపర్‌ని సస్పెన్షన్ స్ప్రింగుకు గట్టి తీగతో వేలాడదీసి పని కానివ్వచ్చు. హోస్ మీద మాత్రం బరువు పడనివ్వకండి, లోపలి పొర చిట్లితే బయటకు కనపడదు.

వేడిలెక్క

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. "క్యాలిపర్ ఎర్రగా కాలుతుంది, ఏ రంగూ నిలవదు" అని చాలాచోట్ల రాస్తుంటారు. ఎర్రగా కాలేది డిస్కు, అది కూడా రేసు ట్రాక్ మీద. క్యాలిపర్ వేరు.

ఇలా ఆలోచించండి. క్యాలిపర్ లోపల బ్రేకు ద్రవం ఉంటుంది. డాట్ 3 (డాట్ అంటే బ్రేకు ద్రవాల గ్రేడు) ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 అయితే 230 వరకు, డాట్ 5.1 అయితే 260 వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ అంకెలు 140, 155, 180కి పడిపోతాయి. అంటే క్యాలిపర్ ఒళ్లంతా 230 డిగ్రీలు దాటిందంటే ద్రవం మరిగి పెడల్ నేలకు తగులుతుంది. ఆ పరిస్థితిలో రంగు గురించి ఎవరూ ఆలోచించరు. కాబట్టి 250 డిగ్రీల పైన తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న క్యాలిపర్ పెయింట్ రోజువారీ బండికి సరిపోతుంది.

మామూలు స్ప్రే డబ్బా వద్దు. వంద డిగ్రీల ఆసుపాసుల్లోనే అది మెత్తబడడం, పసుపెక్కడం మొదలవుతుంది. పొడవైన ఘాట్ రోడ్డు దిగేటప్పుడు క్యాలిపర్ ఆ వేడిని సులువుగా దాటుతుంది. పైగా దానికి బ్రేకు ద్రవం తగిలితే లేచిపోతుంది. డాట్ 3, 4, 5.1 మూడూ రంగును తినేస్తాయి. సిలికోన్‌తో చేసే డాట్ 5 తినదు కానీ దాన్ని వీటితో కలపకూడదు, మామూలు కార్లలో వాడరు కూడా.

తెల్లసెడాన్

వేడిలెక్క గారూ, రంగు పూత వేడిని లోపలే పట్టి ఉంచుతుందని మా మెకానిక్ అన్నాడు. నిజమేనా?

వేడిలెక్క

పూత చాలా పలచగా ఉంటుంది. ఆ మందంలో ఆగే వేడి లెక్కలోకి రాదు. డిస్కు నుంచి వేడి ఎక్కువగా గాలిలోకి పోతుంది, కొంత ప్యాడ్ల ద్వారా, పిస్టన్ ద్వారా క్యాలిపర్‌కు చేరుతుంది. అయితే మీ మెకానిక్ భయపడడంలో ఒక సందర్భంలో అర్థం ఉంది. పాత రంగు మీదే మళ్లీ మళ్లీ మందంగా పూస్తూ పోతే, వేడి సంగతి అలా ఉంచి, అది పెచ్చులూడి గాడుల్లో పడుతుంది.

ఎర్రబ్రష్

నా అనుభవం బ్రష్‌తో వేయడంలోనే ఉంది కాబట్టి అది చెబుతాను. బండి మీదే ఉంచి వేసేటప్పుడు స్ప్రే కంటే బ్రష్ మేలు. స్ప్రే అయితే ఫెండర్ లోపల, డిస్కు, హబ్, స్ప్రింగు, డ్రైవ్ షాఫ్ట్ బూటు అన్నీ కాగితం, టేప్‌తో కప్పాలి. ఎంత కప్పినా పొగమంచులాంటి ఆ తుంపర ఎక్కడో ఒకచోట దూరుతుంది. బ్రష్ అయితే ఎక్కడ కావాలో అక్కడే పడుతుంది. పోత లోహం గరుకుగా ఉంటుంది కాబట్టి బ్రష్ గీతలు ఆరేసరికి చాలావరకు సర్దుకుంటాయి. చక్రం ఎక్కించాక అడుగు దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

రెండు సైజుల బ్రష్‌లు పెట్టుకోండి. వెడల్పుది ముఖానికి, బొమ్మలు వేసే సన్నటిది మూలలకు, రబ్బరు బూటు అంచులకు. మొదటి పూత చూడగానే నిరుత్సాహపడకండి, కింద బూడిద రంగు కనపడుతూనే ఉంటుంది. ఒకేసారి మందంగా కప్పేద్దామని చూస్తే కారుతుంది, కారిన చోట లోపల ఆరక పొక్కు లేస్తుంది. పలచగా రెండు మూడు పూతలు, మధ్యలో ఎంత ఆగాలో మీ డబ్బా మీద చదవండి. ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. కొన్ని రకాలకు గంటలోపే రెండో పూత వేయాలి, ఆలస్యమైతే పూర్తిగా ఆరేదాకా ఆగాలి. మధ్యలో వేస్తే కింది పూత ముడతలు పడుతుంది.

రెండు సీసాలు కలిపి వాడే ఎపాక్సీ రకం తీసుకుంటే గట్టిదనం బాగుంటుంది. కానీ కలిపాక గడువు లోపలే వాడేయాలి. ఒక ఇరుసుకు సరిపడా కలుపుకుని, రెండోదానికి మళ్లీ కలుపుకోవడం నయం.

మూడోయజమాని

నేను కొన్న పాత కారుకు ముందున్నవాళ్లు ఎవరో క్యాలిపర్లకు ఎర్ర రంగు స్ప్రే చేశారు. దూరం నుంచి చాలా అందంగా ఉండేది. కొన్నాక ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన. విప్పి చూస్తే స్లైడ్ పిన్ బూటు మీద రంగు గట్టిపడి పగుళ్లిచ్చింది, ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది, బయటిది సగం అలాగే ఉంది. తుప్పు మీదే నేరుగా కొట్టారేమో, గోరుతో గీకితే రంగు పలకలుగా ఊడొచ్చింది. రంగు వేసిన పాత బండి కొనేవాళ్లు చక్రం విప్పించి చూడండి. నిగనిగలాడుతున్నాయని ఆగిపోకండి.

నల్లహ్యాచ్‌బ్యాక్

మూడోయజమాని గారూ, మీరు చెప్పింది చదివాక మాస్కింగ్ విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలని అర్థమైంది. ఇంకో ప్రశ్న. తుప్పు ఎంతవరకు గీకాలి? మెరిసే లోహం వచ్చేదాకానా?

పానాపట్టు

మెరవక్కర్లేదు. వదులుగా ఉన్నదంతా పోవాలి, గోరుతో గీకితే పొడి రాకూడదు. ఈ పనిలో ముప్పాతిక భాగం శుభ్రం చేయడమే, రంగు వేయడం చివరి పావు వంతు. ఆ ముప్పాతికలో తొందరపడితే రంగు ఎంత ఖరీదైనదైనా నిలవదు.

వరస ఇది. ముందు సబ్బు నీళ్లతో కడిగి మట్టి, నల్ల పొడి పోగొట్టండి. తర్వాత వైర్ బ్రష్. మూలలకు పాత టూత్ బ్రష్ సైజులో ఉండే చిన్న వైర్ బ్రష్ దొరుకుతుంది. ఆ తర్వాత ఎమ్రీ పేపర్, 120 నంబరుతో మొదలుపెట్టి 240తో ఆపండి. ఇంకా నున్నగా చేస్తే రంగుకు పట్టు ఉండదు. చివర్లో బ్రేక్ క్లీనర్ కొట్టి, నూలు రాలని గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ఆ తర్వాత చేత్తో తాకొద్దు, వేలి జిడ్డు చాలు రంగు పట్టకపోవడానికి. తుప్పు గుంటలు లోతుగా ఉంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు, కానీ మీరు వేసే రంగుకు అది పడుతుందో లేదో డబ్బా మీద చూసుకోండి. అల్యూమినియం క్యాలిపర్లకు ఈ గొడవ లేదు, వాటికి వైర్ బ్రష్ కూడా గట్టిగా వాడకండి, గీతలు పడతాయి.

థిన్నర్, పెట్రోలు లాంటివి రబ్బరు దగ్గరకు తీసుకెళ్లకండి. బ్రేక్ రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు రకం, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతాయి. స్లైడ్ పిన్నులకు కూడా బేరింగ్ గ్రీజు పెట్టకూడదు. సిలికోన్ గ్రీజు లేదా బ్రేకులకనే చేసిన సింథటిక్ గ్రీజు పెట్టాలి. పిన్నులు ఎలాగూ బయటకొచ్చాయి కాబట్టి తుడిచి కొత్త గ్రీజు పెట్టేయండి.

జాగ్రత్తక్క

శుభ్రం చేసే దగ్గర నాకో మాట ఉంది. అందరూ రంగు గురించే చెబుతున్నారు, ఊపిరితిత్తుల గురించి ఎవరూ చెప్పలేదు.

బ్రేకు పొడిని గాలి పైపుతో ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. చాలా దేశాల్లో ఆపేశారు కానీ మీ బండికి గతంలో ఎవరు ఎలాంటి ప్యాడ్లు వేశారో మీకు తెలియదు. తడిపి తుడవడమే సరైన పద్ధతి. వైర్ బ్రష్ వాడే ముందు కూడా తడపండి. సన్న ధూళిని ఆపే మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. వైర్ బ్రష్ పుల్ల ఎగిరి కంట్లో పడితే మామూలు దెబ్బ కాదు.

బ్రేక్ క్లీనర్‌లో రెండు రకాలుంటాయి. క్లోరిన్ ఉన్నది మంటకో, బాగా కాలిన లోహానికో తగిలితే ఫాస్జీన్ అనే విష వాయువు పుడుతుంది. క్లోరిన్ లేనిది సులువుగా అంటుకుంటుంది. అంటే రెండింట్లో ఏదైనా సరే, బండి చల్లారాక, తలుపులు తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా వాడాలి. గట్టిపడే రసాయనం కలిపి స్ప్రే చేసే రంగుల్లో ఐసోసయనేట్లు ఉండొచ్చు. దానికి మామూలు మాస్కు చాలదు. ఇంట్లో చేసేవాళ్లు ఆ రకం స్ప్రే జోలికి పోవద్దని నా సలహా.

ఇంకొకటి. జాకీ మీద ఉన్న బండి కిందకి, పక్కకి వంగి పని చేయకండి. స్టాండ్లు పెట్టండి, నేల గట్టిగా ఉండాలి, కిందున్న చక్రాలకు దిమ్మలు పెట్టండి. వెనక క్యాలిపర్లు చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదలాల్సి వస్తుంది, అప్పుడు బండిని ఆపేది ఆ దిమ్మలే.

తెల్లసెడాన్

నాకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంది. వెనకవి విప్పొచ్చా?

పానాపట్టు

విప్పే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. కొన్ని బండ్లలో స్విచ్‌తోనే అవుతుంది, కొన్నింటికి స్కానర్ కావాలి. మోటారు వెనక్కి తిరగకుండా పిస్టన్‌ను బలవంతంగా నొక్కితే మోటారు, గేర్లు పాడవుతాయి. క్యాలిపర్ కదపకుండా బ్రష్‌తో కనపడేంత మేర వేసుకుంటే ఈ తంటా ఉండదు. ఆ మోటారు డబ్బా ప్లాస్టిక్‌ది, దాని మీద రంగు వేయకండి.

దూరప్రయాణి

నేను అందరికీ ఎదురు చెప్పబోతున్నా, ఏమీ అనుకోవద్దు. బ్రేకు అనేది ప్రాణం నిలిపే భాగం. అందం కోసం దాన్ని కదపడం నాకు నచ్చదు. తుప్పు పైపైనే ఉంటే అది బ్రేకుకు హాని చేయదు. అందమే కావాలంటే పౌడర్ కోటింగ్ వేసి తయారుగా అమ్మే క్యాలిపర్లు వేయించుకోవచ్చు కదా?

పానాపట్టు

మీ భయాన్ని తీసిపారేయను. ప్యాడ్లు మార్చడం రానివాళ్లు ఈ పని మొదలుపెట్టకూడదు, ఇది నేను గట్టిగానే చెబుతాను. కానీ వచ్చినవాళ్లకు దీనివల్ల ఒక మేలుంది. చక్రం విప్పి, పిన్నులు తీసి, బూట్లు, హోసు, ప్యాడ్ల మందం అన్నీ దగ్గరగా చూస్తారు. మామూలుగా ఎవరూ చూడరు.

పౌడర్ కోటింగ్ గట్టిదే, కాదనను. కానీ అది దాదాపు 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చేది. అంటే పిస్టన్, సీలు, బూట్లు అన్నీ ఊడదీసి, ఉత్త గుల్లకు మాత్రమే వేయాలి. తర్వాత కొత్త సీళ్లు, హోస్ దగ్గర కొత్త రాగి వాషర్లు, మొత్తం బ్లీడింగ్. ఇంట్లో పని కాదు.

దూరప్రయాణి

ప్యాడ్లు మార్చడం రానివాళ్లు చేయకూడదన్న మాటతో నాకు సమ్మతమే. మీరంతా చెప్పిన జాగ్రత్తలతో అయితే సరే.

ఎర్రబ్రష్

రంగు ఎంపిక గురించి కూడా ఎవరైనా మాట్లాడండి! ఎరుపు అందరూ వేస్తారు. నాకు ముదురు బూడిద, నలుపు, వెండి ఇష్టం. కంపెనీ నుంచే వచ్చినట్టుంటాయి. పసుపు, తెలుపు కొత్తలో బాగుంటాయి కానీ ప్యాడ్ల పొడి రెండు వానలకే గోధుమ మచ్చలుగా అంటుకుంటుంది. ఆ పొడిలో ఇనుప రేణువులుంటాయి, అవి పూతలోకి దిగి అక్కడే తుప్పు పడతాయి.

వేడిలెక్క

రంగుకు అర్థం ఉన్న చోట్లూ ఉన్నాయి. పోర్షేలో పసుపు క్యాలిపర్ అంటే సిరామిక్ డిస్కులున్నాయని గుర్తు. హైబ్రిడ్ బండ్లకు నిమ్మపచ్చ. డిస్కు మీద టంగ్‌స్టన్ కార్బైడ్ పూత ఉండే రకానికి తెలుపు. మన బండికి ఏ రంగైనా వేసుకోవచ్చు. పెద్ద బ్రేకుల కంపెనీ పేరు స్టిక్కర్ అంటించడం మాత్రం నాకు నచ్చదు, అక్కడ లేనిది ఉన్నట్టు చెప్పడమే అది.

నల్లహ్యాచ్‌బ్యాక్

ముందు రెండూ పూర్తయ్యాయి! ముదురు బూడిద వేశాను. బ్రష్‌తోనే, బండి మీదే, క్యాలిపర్‌ని తీగతో వేలాడదీసి. శుభ్రం చేయడానికే రోజులో ఎక్కువ భాగం పట్టింది, పానాపట్టు గారు చెప్పినట్టే. బ్రాకెట్ గాడుల్లో ఉండే స్టీల్ క్లిప్పులు తీసి, గాడులకు టేప్ వేసి, బయటి ముఖానికి మాత్రమే రంగు వేశాను. రబ్బరు బూట్ల అంచున టేప్ నిలవలేదు, అందుకే వాటికి సిలికోన్ గ్రీజు పలచగా రాశాను. రంగు తగిలినా తుడిస్తే వచ్చేసింది.

పిన్నులు రెండు వైపులా బాగానే జారుతున్నాయి. కుడివైపు కింది పిన్నులో గ్రీజు ఎండిపోయి ఉంది, మార్చాను. రంగు పూర్తిగా గట్టిపడడానికి డబ్బా మీద 24 గంటలు అని ఉంది, అంతవరకు బండి కదపలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. డిస్కు మధ్యలో టోపీలా ఉండే భాగం కూడా తుప్పుగా ఉంది, దానికీ ఇదే రంగు వేయొచ్చా? మొదటిసారి బయటకు తీసేటప్పుడు ఏం చూడాలి?

పానాపట్టు

గ్రీజు చిట్కా బాగుంది. అయితే ఆ గ్రీజు వేళ్లకు అంటి లోహం మీదకు పాకితే అక్కడ రంగు పట్టదు, వెనకవి చేసేటప్పుడు చివర్లో రాయండి.

డిస్కు టోపీ పక్క గోడకు, అంచుకు వేయొచ్చు. చక్రం వచ్చి ఆనే చదును ముఖానికి మాత్రం వద్దు. చక్రం, డిస్కు, హబ్ ఒకదానికొకటి గట్టిగా ఆని ఉండాలి. మధ్యలో రంగు పొర ఉంటే అది నలిగేకొద్దీ నట్ల బిగింపు తగ్గుతుంది. ఆ ముఖం మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో తీసేసి అలాగే వదిలేయండి.

బయటకు తీసే ముందు బండి స్టార్ట్ చేసి, గేరు వేయకుండా పెడల్ గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటే మొదటి తొక్కుడుకి బ్రేకు పడదు, ఇది అస్సలు మర్చిపోకూడదు. ద్రవం మట్టం చూడండి, డబ్బా పొంగి బాడీ మీద కారి ఉంటే వెంటనే నీళ్లతో కడగండి. క్యాలిపర్ బోల్టులు మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు కొలతకు), చక్రం నట్లు ఎదురెదురుగా వరస మార్చుకుంటూ టార్క్ రెంచ్‌తో బిగించండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూడండి.

మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లి కొన్నిసార్లు ఆపి చూడండి. కొత్త రంగు వేడెక్కితే కాస్త వాసన రావచ్చు, త్వరలోనే పోతుంది. వచ్చాక చక్రాన్ని ముట్టుకోకుండా దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఎడమ కుడి రెండూ దాదాపు ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ వైపు ప్యాడ్ పట్టేస్తోందని అర్థం, అప్పుడు విప్పి గాడి చూడాలి.

నల్లహ్యాచ్‌బ్యాక్

చేసి వచ్చాను. పెడల్ గట్టిగా ఉంది, రెండు వైపులా వేడి ఒకేలా ఉంది, వాసన కొంచెం వచ్చి తగ్గిపోయింది. చక్రాలు కడగడానికి నా దగ్గర ఆమ్లం ఉన్న వీల్ క్లీనర్ ఉంది, అది వాడొచ్చా?

ఎర్రబ్రష్

ఆమ్లం ఉన్నది వద్దండి, పూత మెరుపు ముందు పోతుంది, తర్వాత అంచుల్లో లేస్తుంది. కారు కడిగే షాంపూ, మెత్తటి బ్రష్ చాలు. మొదటి వారం హై ప్రెషర్ పైపు దగ్గరగా పెట్టకండి. వెనకవి చేశాక ఫొటోలు పెట్టండి, ముదురు బూడిద ఎలా ఉందో చూడాలనుంది.

నల్లహ్యాచ్‌బ్యాక్

తప్పకుండా. వెనక ఎడమ వైపు విప్పి చూస్తే లోపలి ప్యాడ్ బయటిదానికంటే పలచగా ఉంది. రంగు పక్కన పెట్టి ముందు ఆ పిన్నుల సంగతి చూస్తున్నా.

పానాపట్టు

మంచి పని చేస్తున్నారు. పిన్ను చేత్తో తిప్పితే తిరగాలి, లాగితే సాఫీగా రావాలి. గీతలు, గుంటలు పడి ఉంటే కొత్త పిన్నులు, బూట్ల కిట్ వేయండి. వెనక పిస్టన్ హ్యాండ్ బ్రేక్‌తో కలిసి ఉండే రకమైతే నేరుగా నొక్కితే లోపలికి వెళ్లదు, తిప్పుతూ నొక్కాలి. ముందు ఆ పిస్టన్ ముఖం మీద గాట్లు ఉన్నాయేమో చూసి చెప్పండి.

నల్లహ్యాచ్‌బ్యాక్

గాట్లు ఉన్నాయి, ఎదురెదురుగా రెండు. తిప్పే టూల్ తెచ్చుకుని మొదలుపెడతాను.